అడవి చెట్టును కాను నేను

ఎవరైనా నన్ను అడవి చెట్టంటే నాకు ఒళ్లు మండుతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియాలో లా ఫోవా లోయ నా ఊరు. పేరు అరౌకారియా. నిట్టనిలువుగా పెరిగే జాతి మాది. 1774లో కెప్టెన్ కుక్ ఓడ ఈ దీవుల వైపు వచ్చినప్పుడు, దూరాన కనిపించే మావాళ్లు చెట్లా, రాతి స్తంభాలా అని ఓడలోనివాళ్లు వాదులాడుకున్నారట!

నన్ను నాటింది ఈ దీవుల మూలవాసులైన కనక్ మనుషులు. వంశపెద్ద ఉండే గుండ్రటి ఇంటికి దారితీసే బాటకు అటూ ఇటూ మేమూ, కొబ్బరిచెట్లూ వరసగా నిలబడేవాళ్లం. దూరాన మా తలలు కనిపిస్తే చాలు, అక్కడో ఊరుందని బాటసారికి తెలిసిపోయేది.

ఆ ఇంటి నిట్రాడు మాత్రం కొండ మీది హూప్ చెట్టుది. మహా చేవగల చెట్టు, పెరగడమూ అంతే నిదానం. కొండకు హక్కుదారులైన వంశంవాళ్లకు కానుక పెట్టి, నాలుగు మాటలు చెప్పి, వాళ్లు సరేనన్నాకే దాని మీద దెబ్బ పడేది. చెక్కేది రాతి బాడిశతో. సరదాకి నరికే పని కాదది. ద్వారబంధాలూ, కొప్పు మీద శంఖాలు గుచ్చిన శిఖరమూ ఆ కర్రతోనే. గోడలకు నియావులి బెరడు. అది పొరలుపొరలుగా ఊడి వస్తుంది. చెట్టు చావదు, మళ్లీ బెరడు కడుతుంది. మర్రి ఊడల నార దంచి గుడ్డ చేసేవారు. కొన్ని మర్రుల జోలికి మాత్రం ఎవరూ పోరు. అవి చనిపోయిన పెద్దల తావులు.

పెండలం కోసం పోడు కొట్టి, కాల్చి, మట్టి కట్టలు పోసేవారు. పంట తీశాక ఆ చెలకను ఏళ్లతరబడి బీడు వదిలేవారు. పొదలు లేచేవి, నేల తేరుకునేది. వాలులో చేమకు మెట్ల మడులు, వాటికి వాగు నీళ్ల కాలువలు.

ఆ బీడే కొంప ముంచింది. 1853లో ఫ్రెంచివాళ్లు జెండా పాతారు. 1855లో, ఎవరూ లేని భూమి సర్కారుదేనన్నారు. తేరుకుంటున్న చెలక వాళ్ల కంటికి ఖాళీ నేల! ఆపైన వలసదార్ల పశువులు పెండలం కట్టల్లో పడ్డాయి. 1878లో ఈ ప్రాంతపు నాయకుడు అతాయి తిరగబడ్డాడు. అతన్ని చంపారు, ఊళ్లు తగలబెట్టారు, మిగిలినవాళ్లను తరిమేశారు.

నిట్రాడు బూడిదైంది, మేం మిగిలాం. తాతల నాటి ఊరి జాడ వెతికే వారసులు మా వరసను ఆనవాలు పడతారు. ఖాళీ భూమని రాసుకున్న కాగితానికి ఎదురుసాక్షులం మేమే. అడవిలో చెట్లు వాటంతటవే బాటకు రెండు పక్కలా బారులు తీరి మొలుస్తాయా ఎక్కడైనా?