ఎస్మా చెప్పేదాకా తెలియలేదు

నేను ఈపూరులో అంగన్వాడీ టీచర్ని. ఉద్యోగిని మాత్రం కాను. ఉద్యోగికి జీతం ఇస్తారు, మాకిచ్చేది గౌరవ వేతనం. 1975లో అంగన్వాడీ పథకాన్ని గాంధీగారి పుట్టినరోజున మొదలుపెట్టారు, అందుకే కాబోలు ఆయనలాగే సేవ చేయమంటారు. సేవ చేసేవాళ్లకు గ్రాట్యుటీ ఏమిటి, విడ్డూరం కాకపోతే! ఇవ్వాల్సిందేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఢిల్లీ ఎక్కడ, పల్నాడు ఎక్కడ? తీర్పు నడిచి రావద్దూ!

సేవే కదా, మానేస్తే ఎవరికి నష్టమని 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా మానేశాం. 55 వేల పైచిలుకు సెంటర్లు. మాకప్పుడు నెలకొచ్చే 11,500ను 26 వేలు చెయ్యమన్నాం. పక్క తెలంగాణలో అప్పటికే 13,650.

చాలాచోట్ల తాళాలు పగలగొట్టి గ్రామ సచివాలయం సిబ్బందిని కూర్చోబెట్టారు. పిల్లలకు పాటలు పాడటమేగా అనుకున్నారు పాపం. మూడేళ్ల వాడొకడు ఏడుపందుకుంటే మిగతావాళ్లకి వేరే కారణం అక్కర్లేదు. ఒకడు చెడ్డీ తడుపుతాడు, ఇంకొకడు ముక్కులో శనగగింజ దూర్చుకుంటాడు. ఆ గొడవలోనే గుడ్లు ఉడకాలి, పప్పులో ఉప్పు పడాలి, పిల్లల్ని తూకం వెయ్యాలి, ఆ తూకం యాప్‌లోకి ఎక్కాలి, అందుకు సర్వర్ కరుణించాలి. వేలిముద్ర తియ్యడం వచ్చినవాళ్లకి చీమిడి తియ్యడం కూడా రావాలని ఏ జీవోలోనూ లేదు మరి.

మా వైపు అది మిరపకోతల కాలం. పొద్దున్నే కూలికి పోయే తల్లులు పిల్లల్ని మా దగ్గర దింపిపోతారు. తాళం పడేసరికి చంటోళ్లు చేలగట్ల మీద చేరారు. కాయ పట్టుకున్న చేత్తోనే కళ్లు నులుముకోవడం, గుక్కపెట్టడం. "ఇంకెన్నాళ్లమ్మా టీచరమ్మా?" అని ఒకామె అడిగింది. నీ కూలి ఎంతని నేనడిగాను. రోజు లెక్కన నా గౌరవం కన్నా ఓ రవ్వ ఎక్కువే.

2024 జనవరి 6న మా మీద ఎస్మా పెట్టారు, అత్యవసర సేవల్లో సమ్మె కుదరదనే చట్టం. మేం అత్యవసర సేవలమట! కరెంటు, మంచినీళ్లు, ఆస్పత్రి, వాటి సరసన మేము! ఇంట్లో చెబితే మా ఆయన నన్ను తేరిపార చూశాడు. అడిగితే ఉద్యోగులం కాము, ఆపితే రాష్ట్రం ఆగిపోతుంది. ఇన్నేళ్లలో ఏ శాలువా చెప్పని మాట ఎస్మా చెప్పింది. సంతోషించేలోపే తీసేస్తామని నోటీసులు కూడా వచ్చాయనుకోండి, అత్యవసరమైనవాళ్లని ఎలా తీసేస్తారో నాకిప్పటికీ అంతుబట్టదు.

42 రోజులయ్యాక సమ్మె విరమించాం. గౌరవ వేతనం జూలైలో పెంచుతామన్నారు. జూన్‌లో ప్రభుత్వమే మారింది.

మళ్లీ ఎప్పుడైనా మానేస్తే అధికారులకు ఒక్క మనవి. తాళాలు పగలగొట్టకండి, కబురు పెడితే చెవి తెచ్చిస్తాం. ఆ తాళంకప్ప కొన్నది మా గౌరవంలోంచే.