దాపలి ఎద్దు ఆత్మకథ

నేను కొడంగల్ చెంత నల్లరేగడి చేలలో పెరిగిన ఎద్దును. కాడికి దాపలివైపున, అనగా ఎడమప్రక్కన, నడచుట నా వృత్తి. మా గడ్డ 1956 వఱకు గుల్బర్గా జిల్లాలో నుండి, పిదప మహబూబ్‌నగర్ జిల్లాకును, 2016లో వికారాబాదు జిల్లాకును చేరినది. జిల్లాలెన్ని మారినను కందిచేల మీదుగా తాండూరు పోవు మా బాట మారలేదు. నా కథ చెప్పుట యనగా ఆ బాటయు, ఆ చేల సాళ్లును నా మెదడులో నెట్లు నాటుకొన్నవో చెప్పుటయే.

కోడెప్రాయమున నన్ను మరపుటకై ఒక ముదుసలి యెద్దు సరసను కాడి కట్టిరి. పగ్గము ఏ వైపున బిగిసినది, జతగాడు ఎప్పుడు అడుగు వేయును, గుంటుక ఎక్కడ రాతికి తగులును, సాలు చివర ఎంత తిరుగవలెను, ఈ ప్రశ్నలన్నియు ఏకకాలమున ముట్టడింపగా, ప్రతి యడుగును ఆలోచించియే వేయవలసి వచ్చెడిది. సాయంకాలమునకు కాళ్లకంటె శిరస్సే అధికముగా అలసెడిది. ఎప్పుడు జరిగినదో నాకే తెలియదుగాని, కొంతకాలమునకు అదలింపు చెవినబడుటయు కాళ్లు కదలుటయు నొక్కటే యైనవి. సాలు చివర మెడ తనంతట తానే తిరుగజొచ్చెను. నా మనస్సు మాత్రము గట్టుమీది పచ్చగడ్డిని తలచుకొనుచు తీరికగా నుండెను.

ఇందులకు కారణము మా ఆసామి కుమార్తె వలన తెలిసినది. ఆమె తాండూరులో కళాశాల చదువు చదువుచు, సందెవేళ కొట్టము అరుగుపై గూర్చుండి పాఠములను బిగ్గరగా వల్లించెడిది. మెదడు పైపొరయగు కార్టెక్సు క్రొత్తపనిని ఆలోచించి చేయుననియు, అదే పని అదే చోట మరల మరల జరిగినచో దాని భారమును లోపల నుండు బేసల్ గాంగ్లియా యను నాడీకణ సముదాయము స్వీకరించుననియు, వెన్నెముకగల జంతువులన్నిటికిని ఆ భాగము కలదనియు ఆమె చదువగా వింటిని. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియల్ అను విదుషి ఎలుకలను టి ఆకారపు దారులలో పరుగెత్తించి, ఆ భాగములోని కణముల స్పందనను కొలిచినది. మొదట దారి పొడవునను చెలరేగిన స్పందన, అభ్యాసము ముదిరినకొలది, దారి మొదటను తుదిని మాత్రమే నిలిచి నడుమ అణగిపోయెను. అనగా మెదడు ఆ నడక నంతను ఒక్క మూటగా గట్టి, ముడి విప్పుటకును ముడి వేయుటకును మాత్రమే మేలుకొనుచున్నది. నాకు అదలింపు మొదలు, గట్టు తుది; నడుమ సాలంతయు ఆ మూటలోనిదే.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులలో పప్పు మీకు, పొట్టు మాకు. ఇల్లు చేరగానే ఆసామి రేకుడబ్బాతో పొట్టు తెచ్చి తొట్టిలో పోసెడివాడు. తొలుత అది నోటబడినపుడు కలిగిన ఆనందము, పిమ్మట డబ్బా చప్పుడు వినినంతనే కలుగజొచ్చెను. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులయందు కనుగొన్నదియు నిదియే: మెదడులో డోపమిన్ అను రసాయనమును విడుచు కణములు మొదట పండ్లరసపు చుక్క దొరకినపుడు స్పందించి, శిక్షణానంతరము ఆ రసము రాకను సూచించు దీపకాంతికే స్పందించెను.

జతగాడు గతించిన పిదప నన్ను వలపలివైపు కట్టిరి. అంతకన్న కష్టదినములను నేనెఱుగను. బండి ఎడమకు మళ్లునపుడు దాపలి యెద్దు దాదాపు నిలిచినచోటనే తిరుగవలెను, వలపలి యెద్దు చుట్టి రావలెను. నేను పూర్వాభ్యాసము చొప్పున నిలిచిపోగా కాడి మెలిపడి నా మెడ పుండైనది. మొండిదని ముల్లుకర్రతో పొడిచిరి. పొడిచినకొలది భయము హెచ్చెనేకాని పాత మళ్లింపు మానలేదు. భీతి ముదిరినవేళ ఆలోచించు భాగము దుర్బలమై, మెదడు పాత అలవాటునే మరింత గట్టిగా పట్టుకొనును గదా!

తుదకు నన్ను కాగ్నానది కావల, తాండూరు సమీపపు రైతునకు అమ్మిరి. పలుపు తెగిన రాత్రి నేను వంతెన దాటి, సుమారు 20 కిలోమీటర్లు నడచి, తెల్లవారుసరికి పాత కొట్టము ముందు నిలిచితిని. చూచినవారు విశ్వాసమని కొనియాడిరి. విశ్వాసము లేదనను, కాని చీకటిలో కాళ్లను నడపినది అభ్యాసమే. 1890లో వెలువడిన మనశ్శాస్త్ర గ్రంథమున విలియం జేమ్స్, యుద్ధము ముగిసినపిదప రౌతులు లేని గుఱ్ఱములు బాకా వినగానే గుమిగూడి తమ కవాతు తామే నడచునని వ్రాసెను. ఆ గుఱ్ఱములు నాకు సోదరులు.

క్రొత్త ఆసామి నన్ను మరల తోడ్కొనిపోయినను కొట్టలేదు. పుండు మానువఱకు కాడి ఎత్తలేదు. ప్రతి ఉదయమును అదే వేళ, అదే గుంజ కడ, అదే పిలుపుతో పిలిచి, చేతితో మేత పెట్టి, వలపలి మళ్లింపును మెల్లగా నేర్పెను. లండనులో 96 మందిని పరిశీలించిన 2010 నాటి అధ్యయనమున, క్రొత్త పని అలవాటగుటకు మనుష్యులకే 18 మొదలు 254 దినముల వఱకు పట్టవచ్చుననియు, మధ్యస్థముగా 66 దినములనియు, ఒక్కదినము తప్పినంతమాత్రమున ప్రయత్నము చెడదనియు తేలినది. ఇక నోరులేని నాకు కొంత ఆలస్యమగుట తప్పు కాదు. అయినను పాతది నశింపలేదు. గ్రేబియల్ ఎలుకలయందును, మేత ఆపినపుడు మాసిన స్పందనా క్రమము, మేత తిరిగి దొరకగానే మరల పొడసూపెను. నేటికిని కొడంగల్ బాట మొగదలకు వచ్చినచో నా మెడ అటే తిరుగును. ఆసామి పగ్గము లాగక, తన పిలుపు పిలుచును. నేను ఇటు వత్తును.

కోడెలను మరపు రైతులారా, ముల్లుకర్రను చూరులో దోపి, వేళను, చోటును, పిలుపును, మేతను మార్చక పాటింపుడు. పాత అలవాటును మాన్పవలెనన్న, దానిని లేపు అదలింపును వినిపింపక, ఆ చోటనే వేఱొక పనిని ఓర్పుతో నేర్పుడు. మెడ పుండైన ఎద్దును మాత్రము, అది మానువఱకు, కాడికి కట్టకుడు.