లెక్క దేవుడికెరుక

చిన్న గుడి జమాఖర్చుల్లో జమకు గొంతు ఉంటుంది, ఖర్చుకు ఉండదు. చందా ఇచ్చినవారి పేరు, గోత్రం, మొత్తం మైకులో వినిపిస్తాయి. వెయ్యినూటపదహార్లు దాటితే రెండుసార్లు వినిపిస్తాయి. ఇంకా పెద్ద మొత్తమైతే నల్లరాతి ఫలకం మీదికి ఎక్కుతాయి. ఫ్యానుకు మూడు రెక్కలుంటే మూడింటి మీదా దాత పేరే రాయిస్తారు. తిరిగే రెక్క మీద పేరు చదవడం కుదరదు కాబట్టి కరెంటు పోయినప్పుడే దాతకు గుర్తింపు. ఆ ఫ్యాను ఎంతకు కొన్నారని, బిల్లు ఎక్కడుందని అడిగితే మాత్రం, అడిగినవారికి భక్తి తక్కువని పెద్దలు తేల్చేస్తారు.

ఇది తాతల నాటి ఆచారమని కమిటీలు చెబుతాయి. కాదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోనూ, కోస్తాలోని మరికొన్ని పాత గుళ్లలోనూ ఉన్న మధ్యయుగ శాసనాల్లో పద్దు రెండు వైపులా కనిపిస్తుంది. అఖండ దీపానికి ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారు, వాటిని ఏ బోయకు అప్పగించారు, అతడూ అతడి సంతతివారూ రోజూ ఎంత నెయ్యి కొలిచి పోయాలి, అన్నీ రాతి మీదే. ఈ ధర్మానికి ద్రోహం చేసినవారు గంగ ఒడ్డున గోవులను చంపినంత పాపాన పోతారన్న హెచ్చరిక కూడా తరచుగా అక్కడే చెక్కేవారు. ఆడిట్ అభ్యంతరాలు ఆ రోజుల్లో కొంచెం గట్టిగానే ఉండేవి. రాయి ఇప్పుడూ దొరుకుతుంది కానీ దాతల పేర్లు చెక్కేసరికి చోటు అయిపోతోంది.

చట్టానికి చిన్న గుడిని గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన దేవాదాయ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. ఏడాది ఆదాయం 25 లక్షలు దాటిన గుడి 6-ఏ, 2 లక్షల నుంచి 25 లక్షల మధ్య ఉన్నది 6-బీ, 2 లక్షలలోపుది 6-సీ. దేవుడి మహిమకూ ఈ అక్షరాలకూ సంబంధం లేదు. 6-సీలో ఉండిపోవడం పెద్ద కష్టమూ కాదు. పుస్తకంలోకి ఎక్కని ఆదాయం ఏ గీతనూ దాటదు. ధూపదీప నైవేద్య పథకం కింద నెలనెలా సొమ్ము అందుకునే గుళ్లు ఈ తరగతిలోనే ఎక్కువ. అందులో పెద్ద భాగం అర్చకుడి గౌరవవేతనానికే సరిపోతుంది. ఆ సొమ్ముకు కాగితం ఉంటుంది, ఎందుకంటే అది సర్కారు సొమ్ము. భక్తుడి సొమ్ముకు ఆ యోగం లేదు.

దేవాదాయ శాఖ పరిధిలోని గుడి గురించి సమాచార హక్కు కింద ఓ అర్జీ అయినా పెట్టవచ్చు. ట్రస్టుగానో సొసైటీగానో రిజిస్టరైన గుడి ఏడాదికోసారి ఏదో ఒక కార్యాలయానికి కాగితాలు పంపాలి. ఈ రెండింట్లో దేనికీ చెందని గుళ్లకూ, పందిళ్లకూ మాత్రం కాలనీ మలుపుల్లో కొదవ లేదు. వాటికి కావలసిన సరంజామా అంతా స్టేషనరీ షాపులో దొరుకుతుంది. రశీదు పుస్తకం మీద దేవుడి బొమ్మ ముందే అచ్చయి ఉంటుంది. ‘రిజిస్టర్డ్ నెం.’ అన్నచోట ఒక గీత ఉంటుంది. ఆ గీత అలాగే ఉంటుంది.

ఆదాయ మార్గాల్లో అన్నిటికంటే మర్యాదస్థురాలు హుండీ. పేరు అడగదు, రశీదు ఇవ్వదు. ఆదాయపన్ను చట్టం కూడా ఈ మర్యాదను గౌరవించింది. సేవాసంస్థకు పేరు లేని విరాళాలు పరిమితి దాటి వస్తే ఆ మీది మొత్తంపై 30 శాతం పన్ను పడుతుంది. పూర్తిగా మతపరమైన సంస్థకు ఆ బెడద లేదు. దేవుడే అడగని పేరు తాము అడగడం బాగుండదని పార్లమెంటు అనుకుని ఉండాలి. తిరుమలలో హుండీకి నిన్న ఎంత వచ్చిందో ఈరోజు పేపర్లో చదవవచ్చు. చిన్న గుడి హుండీ ఎప్పుడు తెరిచారో తెలియడానికి అధ్యక్షుడి ఇంటి దగ్గర చిల్లర దొరకడం మొదలవ్వాలి. తిరుమలను ఉదాహరణగా చూపిస్తే, అంత ఆదాయం ఉంటే తామూ రోజూ ప్రకటించేవాళ్లమని కమిటీ జవాబిస్తుంది.

లడ్డూ వేలం హుండీకి పూర్తిగా భిన్నం. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలు పలికిన గణేశుడి లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. ఆ ధర రాష్ట్రమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. వేలం ముచ్చట ఈలోగా ప్రతి కాలనీకీ పాకింది. కాలనీ వేలంలో పాట ఈ ఏడు, డబ్బు వచ్చే ఏడు అన్న వెసులుబాటు తరచుగా ఉంటుంది. అందుకే బ్యానర్ మీద కనిపించే అంకె వేరు, డబ్బాలో పడేది వేరు. మొదటిదానికి డప్పులున్నాయి, రెండోది కోశాధికారికి మాత్రమే తెలిసిన మంత్రం.

ఖర్చు వైపు షామియానా, మైకు సెట్టు, పూలు, భజంత్రీలు, అన్నదానం అని కొన్ని పద్దులు కనిపిస్తాయి. చివర ‘ఇతరములు’ అని ఒకటి ఉంటుంది. ఉత్సవం ఎంత ఘనంగా జరిగితే ఇతరములు అంత బలుస్తాయి. వోచర్లు ఉండవు. పూలమ్మే అవ్వ జీఎస్టీ బిల్లు ఇవ్వదన్నది నిజమే కానీ, ఆ నిజం నీడలో రంగులు వేయించిన కాంట్రాక్టరు బిల్లు కూడా విశ్రాంతి తీసుకుంటుంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. శ్రీరామనవమి అయిన వారానికి జమ, ఖర్చు, నిల్వ చేత్తో రాసి గుడి గోడకు అంటించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అరటాకుల ధర దాకా అందులో ఉంటుంది. ఇంతకంటే మంచి వార్షిక నివేదికను ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు. ఇలాంటి ఊళ్లలో మరుసటి ఏడు చందా అడగడం కూడా సులువు. ఆ రహస్యం పక్క ఊరి కమిటీలకు తెలియకపోవడం ఆశ్చర్యం.

పన్ను రాయితీ మీద చూపు పడిన గుడి మరో మెట్టు ఎక్కుతుంది. ఉత్త పూజలు చేసే మామూలు సంస్థకు, దాతలకు పన్ను రాయితీ తెచ్చే 80జీ గుర్తింపు రాదు. ఆ గుర్తింపు ఉన్న సంస్థ మతపరమైన పనులకు తన ఆదాయంలో 5 శాతం దాకానే వాడాలి. అందుకని గుడి పక్కనే ఓ సేవా ట్రస్టు వెలుస్తుంది. దాని పేరులో గోవు, అన్నం, విద్య మూడూ ఉంటాయి. 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే దాతకు రాయితీ లేదు. దాతల జాబితాను ట్రస్టు ఏటా ఆదాయపన్ను శాఖకు పంపాలి. ఇన్ని కాగితాలూ శాఖకే చేరతాయి. గుడి మెట్ల మీద కూర్చున్న భక్తుడికి వాటిలో ఒక్కటీ చేరాలన్న నియమం లేదు.

అమెరికాలోని తెలుగువారికి ఈ విషయంలో రెండు లోకాలున్నాయి. అక్కడ లాభాపేక్ష లేని సంస్థలు ఏటా దాఖలు చేసే 990 ఫారం బహిరంగ పత్రం, ఎవరైనా చదువుకోవచ్చు. ఏటా స్థూల వసూళ్లు సాధారణంగా 50,000 డాలర్లు మించని సంఘం కొద్దిపాటి వివరాలతో చిన్న ఈ-పోస్ట్‌కార్డు పంపితే చాలు. వరుసగా మూడేళ్లు అదీ పంపకపోతే పన్ను మినహాయింపు దానంతట అదే రద్దవుతుంది. చర్చిలకు మాత్రం ఈ ఫారం బాధ్యత లేదు, ఆ వరుసలోనే గుళ్లకూ మసీదులకూ లేదు. కాబట్టి బతుకమ్మ ఆడించే సంఘం లెక్క చెప్పాలి, పక్కనే కోట్ల డాలర్లతో గోపురం కట్టే గుడి చెప్పనక్కర్లేదు. కొన్ని గుళ్లు స్వచ్ఛందంగా చెబుతాయి. సభ్యుల సమావేశాల్లో వాటికి మర్యాద ఎక్కువ, చర్చా ఎక్కువ.

లెక్కల ప్రస్తావన వస్తే ఏ కమిటీ అధ్యక్షుడికైనా భక్త రామదాసు గుర్తొస్తాడు. దేవుడికి ఖర్చుపెట్టినందుకు ఆయన్నీ నిందించారు కదా అంటాడు. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న ఆ రామదాసు, అంటే కంచర్ల గోపన్న, శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డాడన్నది ప్రసిద్ధమైన కథే. అయితే ఆయన ‘ఇక్ష్వాకు కుల తిలక’ కీర్తనలో ప్రాకారానికి ఎంతైంది, భరతుడి పచ్చల పతకానికి ఎంతైంది, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకు ఎంతైంది, పద్దులవారీగా ఏకరువు పెట్టాడు. అందులో ‘ఇతరములు’ లేదు. లబ్ధిదారుడినే నిలదీసి అడిగిన ఏకైక వ్యయ నివేదిక బహుశా అదే. తర్వాతి కమిటీల నుంచి అంత వివరమైన పత్రం రాలేదంటే, దాన్ని రాయడానికి కావలసిన ఏకాంతం వాటికి ఎవరూ కల్పించలేదనుకోవాలి.

సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగినవాణ్ని ఏం చేయాలన్నదానిపై లిఖిత నియమం లేదు గానీ ఆనవాయితీ ఉంది. మొదటిసారి అడిగితే పులిహోర ఇంకొంచెం వడ్డిస్తారు. రెండోసారి అడిగితే అతడు ఏ వర్గం మనిషో ఆరా తీస్తారు. మూడోసారి అడిగితే ఏకగ్రీవంగా కోశాధికారిని చేసి, పాత రశీదు పుస్తకాలన్నీ బియ్యం సంచిలో కట్టి అతడి ఇంటికి పంపిస్తారు. సంచిలో సగం పుస్తకాలకు అడుగుకాగితాలు ఉండవు. వచ్చే సమావేశంలో జవాబు చెప్పాల్సింది అతడే.