శబ్దవేధి

మా కింది వాటాలో ఉండే కుర్రవాడు దారిన పోతూ పోతూ ఉన్నట్టుండి ఏసీ కట్టేస్తాడు. పాట ఆపుతాడు. నాలుగద్దాలూ దించుతాడు. మాట్లాడుతున్న పెళ్ళాన్ని వేలు చూపించి ఆపుతాడు. ఆ పిల్ల నాలుగేళ్ళుగా ఒక్క వాక్యమూ పూర్తిచెయ్యలేదు.

"వినిపించిందా అంకుల్?"

వెనక సీట్లో నేనుంటాను. రిటైరైనవాణ్ణి గనక నా చెవులు ఖాళీగా ఉంటాయని అతని నమ్మకం. ఎడం చెవి ఎప్పుడో సర్వీసులోనే పోయిందని చెప్పాను. "అయితే కుడివైపు కూర్చోండి" అన్నాడు.

మా పేట పేరు కార్ఖానా. అంటే ఉర్దూలో ఫ్యాక్టరీ. అతని స్విఫ్ట్ అసలు కార్ఖానాలో ఒక్కసారే తయారైంది, మా కార్ఖానాలో మాత్రం నెలనెలా తయారవుతోంది. ముందు కారును నేలకు దించాడు, చీమలు కూడా వంగి దాటాలన్నట్టు. తర్వాత మామూలు సైలెన్సర్ పీకించి పెద్ద గొట్టం పెట్టించాడు. పొద్దున అతను బండి తీస్తే విక్రంపురిలో కాకులు లేస్తాయి. ఆ గర్జనలోంచి ముందు ఎడమ చక్రం దగ్గర చిటికేసినంత 'టుక్' అతనికి వినబడుతుంది! డబ్బు పెట్టి కొన్న మోత సంగీతం, ఊరికే వచ్చిన చప్పుడు రోగం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పులు కూడవనీ, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందనీ గుర్తుచేశాను. "నిజమే అంకుల్, కానీ ఆ టుక్ ఎక్కణ్ణుంచి?" అన్నాడు.

దశరథుడు కడవ మునిగిన చప్పుడు విని ఏనుగనుకున్నాడు. మావాడిదీ అదే విద్య. టుక్ మంటే షాకప్పులనుకుని రెండూ మార్పించాడు. పోలేదు. పైనున్న మౌంటులన్నాడు, స్టీరింగ్ ర్యాక్ అన్నాడు. రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో అతనికిప్పుడు కుర్చీ వేస్తారు, టీ చెబుతారు. పాపం, ఆ కడవ మాత్రం మునుగుతూనే ఉంది.

స్పీడ్‌బ్రేకరంటే అతనికి స్టెతస్కోపు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా సందులోది ఎవరో స్లాబు పోయగా మిగిలిన కాంక్రీటు. దానిమీంచి నన్ను పదకొండుసార్లు దాటించాడు. పన్నెండోసారి డిక్కీలో కూర్చోమన్నప్పుడు మా ఆవిడ బాల్కనీలోంచి చూసింది.

చివరికి మెయిన్ రోడ్డు వెనక ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడి భాయ్ పెద్దాయన, మాట తక్కువ. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "దీంట్ల రబ్బరంత ఏడబోయింది సార్?" అన్నాడు.

మావాడి మొహం వెలిగింది. లోయర్ ఆర్మ్‌లో రబ్బరు బుష్షులు తీసేసి గట్టి పాలీయురేథేన్‌వి వేయించాననీ, లింక్ రాడ్లకు ఉక్కు గుండు జాయింట్లు పెట్టించాననీ వరసగా చెప్పాడు. రేసు కార్లకు అవే ఉంటాయట.

"రేసు కార్ల పెండ్లాం కూసోదు సార్" అన్నాడు భాయ్.

ఆ రబ్బరు సంగతి నాకప్పుడే తెలిసింది. బుష్షులో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం ఎగిరితే తానే మెలితిరుగుతుంది, జారదు, అందుకే అరవదు. ఉమ్మడి సంసారంలో మేనత్త లాంటిది. ఇటు మాట అటు పోనివ్వక అంతా తనలోనే నలుపుకుంటుంది. పాలీ బుష్షు జారుతుంది, సిలికాన్ గ్రీజు ఆరితే కిర్రుమంటుంది. ఉక్కు జాయింటు కాస్త అరిగిందా, ఆ సందంతా టుక్కే.

భాయ్ పాలీ బుష్షుల మీద సీసాతో నీళ్ళు చల్లాడు. కిర్రు ఆగింది. రెండు లింక్ రాడ్లూ విప్పి పక్కన పెట్టి, మలుపుల్లో నెమ్మదిగా పొమ్మని చెప్పి ఒక రౌండు కొట్టించాడు. టుక్ ఆగింది. లక్షల ఖర్చు తేల్చలేనిది సీసాడు నీళ్ళూ ఒక స్పానరూ తేల్చాయి. మావాడికి అదే అవమానం.

భాయ్ కారు ఎత్తును రెండు వేళ్ళు పెంచి, కంపెనీ లింక్ రాడ్లూ రబ్బరు బుష్షులూ వేశాడు. బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి జాకీ దించాడు. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టుబడి, కారు నేలకు దిగాక జన్మంతా మెలితిరిగే ఉండి చిరుగుతుందట. బరువంతా చక్రాల మీద పడ్డాక కిందకు దూరి బిగించాడు.

మావాడు మూడు చుట్లు తిరిగొచ్చాడు. ఇంట్లో ఎవరో పోయినట్టుంది మొహం.

"ఏమైంది?" అన్నాను.

"టుక్ పోయింది అంకుల్. అది పోయాక దాని వెనకాల ఇంకోటి వినబడుతోంది. సన్నగా... రెండో గేర్లో."

భాయ్ ఏమీ అనలేదు. జాకీ అక్కడే ఉంది. ఆయన దాన్ని ఇంకా లోపల పెట్టనేలేదు.