స్టీరింగ్ మనది, దారి దానిది

డాలస్ శివార్లలో రెండు కార్ల గరాజు ఉండి, రెండో కారు జాగాలో పాత సూట్‌కేసులు పేర్చుకున్న తెలుగువారి కోసం ఈ చిట్కాలు. ఆ సూట్‌కేసులు అటకెక్కించండి. అక్కడ 1932 ఫోర్డ్ ఒకటి దింపండి. కాలిఫోర్నియా కుర్రాళ్లు ఎండిన సరస్సుల మీద వేగం పందేలకని 1937లోనే సంఘం పెట్టుకున్నారు. వాళ్లకిష్టమైన బళ్లలో ఇదొకటి. వాళ్లు రాత్రింబవళ్లు ఒళ్లు వంచి పనిచేశారు. మీకు శనివారం భోజనానికీ, పిల్లల కూచిపూడి క్లాసుకీ మధ్య రెండు గంటలుంది. స్టీరింగ్ మార్చడానికి అది ధారాళం.

పైగా టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు. దాని బదులు 7.50 డాలర్ల ఫీజు మాత్రం వసూలు చేస్తూనే ఉన్నారు. డబ్బు కట్టారు కనుక తనిఖీ అయిపోయినట్టే లెక్కేసుకోండి.

1. బండిని కిందికి దించండి. నాలుగంగుళాలు దిగిన ముందు ఇరుసు వేస్తే చూపుకి అదిరిపోతుంది. కాకపోతే టై రాడ్ వెళ్లి విష్‌బోన్‌కి తగులుతుంది. దానికోసం వంపు తిరిగిన స్టీరింగ్ ఆర్ములు విడిగా అమ్ముతారు. కొనకండి. ఉన్నవాటినే గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, సుత్తితో వంచి, వెంటనే బకెట్ నీళ్లలో ముంచండి. చుయ్‌మన్న చప్పుడు పక్కింటికి వినపడాలి. అలా ముంచితే ఉక్కు పెళుసెక్కుతుందని ఎవరైనా అంటే, "గట్టిపడింది" అనండి. అబద్ధం కూడా కాదు.

2. స్టీరింగ్ బాక్సు మార్చండి. చాలామంది 1970ల నాటి షెవర్లే వేగా బాక్సు వేస్తారు. మీరు కోర్వెయిర్‌ది ఏది చవగ్గా దొరికితే అది తెచ్చుకోండి. లోపలి మరను తిరగేసి బిగించకపోతే ఎడమకి తిప్పినప్పుడు చక్రాలు కుడికి పోతాయి. తిరగేయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట పడుకోండి. ఎవరైనా అడిగితే దొంగల భయానికి కావాలనే అలా పెట్టించానని చెప్పండి.

3. పాన్‌హార్డ్ బార్ మానేయండి. ఇరుసు పక్కలకి ఊగకుండా, డ్రాగ్ లింకుకి సమాంతరంగా, ఇంచుమించు అంతే పొడుగుతో ఈ కడ్డీ వేయాలంటారు. లేకపోతే గుంత తగిలినప్పుడల్లా బండి తనంతట తనే తిరుగుతుందట. తిరగనివ్వండి. తనంతట తను నడిచే బండికి పక్కింటాయన వేల డాలర్లు పోశాడు. మీకు ఉచితంగా వచ్చింది.

4. బోల్టుల దగ్గర తెలివి చూపించండి. అసలు విద్యంతా ఇక్కడే ఉంది. గట్టి రకం, అంటే గ్రేడ్ 8 బోల్టు తల మీద ఆరు గీతలుంటాయి. ఆ గీతలకే దాని ధర. మీ డబ్బాలో తుప్పుపట్టిన మామూలు బోల్టు ఒకటి తీసుకోండి, తలను వైసులో బిగించండి, హ్యాక్సా బ్లేడుతో ఆరు గీతలు గీయండి. చేయి వణికి ఏడు పడితే గ్రేడ్ 9 అనండి. తర్వాత కాటర్ పిన్ను. నట్టు గాడీ, స్టడ్డు బెజ్జమూ ఒక వరసలోకి రాకపోతే, వచ్చేదాకా ఇంకాస్త బిగించాలని పుస్తకాల్లో రాస్తారు. బిగించడానికి బలం కావాలి, వదులు చేయడానికి అక్కర్లేదు. వదులే చేయండి. పిన్ను దొరక్కపోతే ఆఫీసు నుంచి తెచ్చిన జెమ్ క్లిప్పు దూర్చి, కొసలు వంచి, నల్ల రంగు కొట్టండి. మోకాళ్ల నొప్పులున్న వయసువాళ్లే ఈ బళ్లు చూడ్డానికొస్తారు. ఎవరూ వంగరు.

5. వెల్డింగ్ అతుకులకి క్రోమ్ వేయించండి. మసిపూసి మారేడుకాయ చేయడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. పూత వేశాక గంటలకొద్దీ వేడిలో ఉంచకపోతే గట్టి ఉక్కు లోలోపల పగులుతుందన్నది అతిజాగ్రత్తపరుల మాట. లోపలి పగులు బయటికి కనపడదు. మనకి కావలసిందీ అదే కదా.

6. అలైన్‌మెంట్ కంటితో చూసి పెట్టండి. ఇలాంటి ఇరుసుకి క్యాస్టర్ 5 నుంచి 7 డిగ్రీలు ఉండాలని చాదస్తులు కొలతలు పడుతుంటారు. మీరు సున్నా దగ్గర వదిలేయండి. ముందుచక్రాలు గడగడా వణుకుతాయి. పక్కసీట్లో బావమరిది "బావా, ఇదేంటి, పళ్లు కొట్టుకుంటున్నాయి?" అంటాడు. "వీ8 పవర్‌రా, నీ కరోలాలో ఎక్కడొస్తుంది!" అనండి. ఆ ఇంజిను కూడా కొత్తగా బిగించినదే. 1932లో 65 హార్స్‌పవర్‌కి సరిపడా చేసిన ముందుభాగం మీద ఇప్పుడు మీరు షెవర్లే 350 కూర్చోబెట్టారు. ఆ సంగతి వాడికి చెప్పకండి.

7. స్టీరింగ్ షాఫ్టుకి యూ జాయింట్లు ఎన్ని పడితే అన్ని వేయండి. రెండు దాటితే మధ్యలో బేరింగ్ ఆనిక పెట్టాలంటారు. బేరింగ్‌కి బ్రాకెట్ కావాలి, బ్రాకెట్‌కి కొలత కావాలి, కొలతకి టేపు వెతకాలి. వదిలేయండి.

8. ప్రదర్శనకి ట్రెయిలర్ మీద వెళ్లండి, మలుపు అవతల దింపండి, చివరి వంద అడుగులు నడపండి. ఆర్నెల్లు తిరక్కుండానే అమ్మేయండి. ప్రకటనలో నిజమే రాయండి: ఒక్కరే వాడారు, ఒక్కసారే నడిపారు, ముందు బంపర్ సరికొత్తది.