అరంచీనీకి అర ప్లాట్‌ఫారం

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,
దక్షిణ మధ్య రైల్వే, రైల్ నిలయం, సికింద్రాబాద్.

విషయం: ఉప్పుగూడ స్టేషన్‌లో కూరిన అన్నం ఉండలు వేయించి అమ్ముకొనుటకు ఒక స్టాలు మంజూరు చేయవలెనని ప్రార్థన.

ఆర్యా,

ఉప్పుగూడ అంటే తమ కాగితాల్లో యాకుత్‌పురాకూ ఫలక్‌నుమాకూ నడుమ ఎమ్మెమ్టీఎస్ లోకల్ రైలు ఇలా ఆగి అలా కదిలే చోటు. ఇంగ్లిష్‌లో మా పేరు ముందు తమవాళ్లు ఒక హెచ్ కూడా చేర్చి హుప్పుగూడ చేశారు. ఈ లేఖ దాని గురించి కాదు. అడగకుండా ఇచ్చిన అక్షరం, ఉండనివ్వండి. నేను అడిగేది అంతకన్నా చిన్న సంగతి. గుప్పిట్లో పట్టేంత, నాలుక కాలేంత.

ఇటలీలోని సిసిలీ ద్వీపంలో అరంచీనీ అని ఒక తిండి ఉంది. కుంకుమపువ్వు వేసి వండిన అన్నాన్ని ఆరబెట్టి, అరచేతిలో దొప్పలా చేసి, నడుమ మాంసం కూర పెట్టి మూసేస్తారు. పల్చటి మైదా జారులో ముంచి, బ్రెడ్డు పొడిలో దొర్లించి, నూనెలో ఎర్రగా వేయిస్తారు. పలెర్మో వాళ్లది గుండ్రంగా ఉంటుంది. కటానియా వాళ్లది, పక్కనే ఎట్నా అగ్నిపర్వతం ఉంది కాబట్టి కాబోలు, కొసదేలి ఉంటుంది. ఏది అసలుదో ఆ రెండు ఊళ్లకూ ఇప్పటిదాకా తేలలేదు. డిసెంబరు 13న సెయింట్ లూసియా పండుగనాడు పలెర్మోలో రొట్టె, పాస్తా ముట్టరు. 1646 కరువులో ఆ రోజునే ధాన్యం ఓడ రేవుకు చేరిందని, ఆకలి మీదున్న జనం పిండి పట్టించే ఓపిక లేక గింజలే ఉడకబెట్టుకు తిన్నారని చెబుతారు. ఆ జ్ఞాపకం పేరున ఇప్పటివాళ్లు పొద్దస్తమానం అరంచీనీ వేయించుకు తింటున్నారు. ఉపవాసాన్ని విందు చేసుకునే విద్య మన ఒక్కరికే వచ్చనుకున్నాను.

హోటళ్ల సంగతి మునిసిపాలిటీకి రాయక రైల్వేకు రాయడమేమిటని తమ పేషీలో ఎవరైనా అడగొచ్చు. కారణం ఉంది. ఇటలీ ప్రధాన భూభాగం నుంచి సిసిలీకి వెళ్లే రైలు విల్లా శాన్ జొవాన్నీ దగ్గర సముద్రం ఒడ్డుకొచ్చి ఆగుతుంది. బోగీలను విడదీసి ఓడ కడుపులోకి నెడతారు. మెస్సీనా జలసంధి దాటేలోగా ప్రయాణికులు మెట్లెక్కి పైకొచ్చి, ఓడ క్యాంటీన్‌లో వేడి అరంచీనీ కొనుక్కుంటారు. ఉత్తరాన ఫ్యాక్టరీల్లో పనిచేసి సెలవుకు ఇల్లు చేరేవాళ్లకు సొంతూరు ఆ ఓడ మీదే మొదలవుతుంది. జలసంధి మీద వంతెన కడతామని అక్కడి ప్రభుత్వాలు దశాబ్దాలుగా అంటున్నాయి. కడితే మంచిదే గాని, రైలు ఆగకపోతే ఆ ఉండ తినేదెప్పుడు? మాకైతే ఆ బెంగ లేదు. కాచిగూడ, మలక్‌పేటల నడుమ మూసీ మీద తమ వంతెన ఎప్పటినుంచో ఉంది. రైలు దాటిపోతుంది, చేతిలో ఏమీ ఉండదు.

ఈ తిండి హైదరాబాద్‌లో లేదని కాదు. అదే ఎమ్మెమ్టీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగితే గాజు తలుపుల కెఫేల్లో దొరుకుతుంది. నల్లటి రాతి పలక, దాని మీద నాలుగు ఉండలు, పక్కన ఎర్ర సాసు చుక్క, పైన ఒక ఆకు. ఆ ధరకు షాలిబండలో ఇంటిల్లిపాదికీ బిర్యానీ వస్తుంది. విప్పితే లోపల సాగే చీజ్ తప్ప మరేమీ ఉండదు. నేను తిన్నచోటి పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క కెఫే జబ్బు కాదు. చీజ్‌ను సాగదీసి ఫొటో దిగడానికి బాగుంటుంది, సరే. సిసిలీలో మాత్రం పెద్దపీట రగూది, అంటే బఠానీలు వేసి సన్నసెగ మీద చాలాసేపు మగ్గించిన మాంసం కూరది. కూర లేకుండా కూరడమేమిటండీ?

ఇక అసలు మనవి. పసుపుపచ్చ అన్నం, పక్కన మాంసం కూర. పాతబస్తీలో పొద్దున్నే హోటల్లో కూర్చుంటే ఎదురయ్యే ప్లేటు ఇదే కదా! పసుపు, మసూర్ పప్పు వేసి వండిన ఖిచిడీ, దాని పక్కన ఖీమా, గిన్నెలో చింతపండు నువ్వుల ఖట్టా, పైన ఒక అప్పడం. సిసిలీ వాళ్లు కుంకుమపువ్వుతో తెచ్చిన రంగును మనం పసుపుతో తెచ్చుకున్నాం. వాళ్లు లోపల పెట్టినదాన్ని మనం పక్కన పెట్టాం. ఇంతే తేడా. ఖిచిడీలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి మెత్తగా వండి, పళ్లేల్లో పల్చగా ఆరబోసి, ఖీమాను నీరు ఇగిరేదాకా వేయించి నడుమ పెట్టి మూస్తే పని అయిపోయింది. ఖీమాలో నాలుగు బఠానీలు పడితే మరీ మంచిది. బ్రెడ్డు పొడికి గల్లీ గల్లీకీ బేకరీ ఉంది, బేకరీ నిండా రస్కులున్నాయి. నంజుకోవడానికి ఖట్టా ఉండగా టమాటా సాసుతో పనేముంది? పనికి పరిగెత్తే మనిషి ఒక చేత్తో బోగీలో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో దబీర్‌పురా వచ్చేలోగా టిఫిన్ ముగించేస్తాడు.

ఇది ఎక్కడిదో తిండిని తెచ్చి ఉప్పుగూడ నెత్తిన పెట్టడమని అనుకోకండి. చుట్టరికం ఉంది. అరబ్బులు 827లో సిసిలీ మీద దిగి, తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా అక్కడ పాతుకుపోయారు. అన్నంలో మాంసం కలిపి చేత్తో తినే వాళ్ల అలవాటే అరంచీనీకి మూలమని సిసిలీ వాళ్లే చెప్పుకుంటారు. మాకూ అరబ్బులు దగ్గరే. చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్, నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వాడ. వాళ్ల మాంసం అన్నం, మందీ, ఇవాళ ఊరంతా పాకింది. దాన్ని కూడా ఎవరూ ఉండ కట్టలేదు. ఇటలీ అయితే తమ లెక్కన మాకు ఒక్క స్టేషన్ దూరం. 1884లో నవాబు వికార్-ఉల్-ఉమ్రా పునాది వేసిన, గుట్ట మీది ఫలక్‌నుమా ప్యాలెస్‌కు ఇటలీ పాలరాయి వచ్చింది. లోపల 101 మంది ఒక్క పంక్తిన కూర్చునే భోజనబల్ల ఉంది. పాలరాయి గుట్టెక్కిందే గాని అన్నం ఉండ గుట్ట దిగి రాలేదు. అటు ఇటలీ, ఇటు అరబ్బులు, నడుమ ఉప్పుగూడ ఖాళీ కడాయి పట్టుకుని నిలబడింది.

మిగిలిపోయిన బిర్యానీతో చేసుకోవచ్చు కదా అని తమకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి వినకండి. బాస్మతి గింజ ఒకదానికొకటి అంటుకోదు, పాత బియ్యమైతే మరీను. సిసిలీ వాళ్లు వాడేది పొట్టి గింజ, ఉడికితే జిగురొచ్చి చెప్పిన మాట వింటుంది. మన దగ్గర మెతుకు మెతుకూ విడిపోతేనే వంటవాడికి పరువు, అన్నం ముద్దయిందంటే వంట చెడినట్టు. ఇంత అన్నం తిని, ఇంత నూనె కాగబెట్టే ఊరు ఆ రెంటినీ కలపకపోవడానికి నాకు తోచిన కారణం ఈ పరువే. ఇళ్లల్లో రాత్రి అన్నం మిగిలితే శనగపిండి కలిపి పకోడీ వేస్తారు గాని, అది చుట్టాల ముందు పెట్టే తిండి కాదు. బిర్యానీ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గంటల తరబడి బయట పడున్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, అది వదిలే విషం మళ్లీ నూనెలో వేయించినా పోదు. కాబట్టి ఏ రోజు అన్నం ఆ రోజే వండాలి, తొందరగా చల్లార్చాలి. స్టాలు షరతుల్లో ఈ ముక్క పెద్దక్షరాలతో రాయించండి.

మాంసం ముట్టనివాళ్ల సంగతేమిటంటారా? వాళ్లకు దారి ఇంకా దగ్గర. పూర్ణాలున్నాయి. నానబెట్టిన బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో శనగపప్పు బెల్లం ఉండను ముంచి వేయిస్తే పూర్ణం. లోపల కూరినది, పైన బియ్యం, గుండ్రని ఆకారం, కాగే నూనె. కానీ ఆకలేసిన మధ్యాహ్నం వీధిలోకి వెళ్లి వేడి పూర్ణం కొనుక్కొచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. స్వగృహ దుకాణాల్లో ఉంటాయి, నిజమే, ట్రేలో చల్లారి, పై పొర సాగుతూ. పూర్ణం పొగలు కక్కుతుండగా వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసుకోవాలి. చల్లారిన పూర్ణంలో నెయ్యి పోస్తే అది అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది.

హోటలువాళ్లను తిట్టి లాభం లేదు. పూర్ణం పల్చనైతే నూనెలో పేలి వంటవాడి చేతులు కాల్చుతుంది. పిండి పులిస్తే నూనె తాగేస్తుంది. ఒక్కొక్క ఉండా విడిగా చేత్తో చుట్టాలి. అదే సమయంలో పునుగులు ఒక గంగాళం దించొచ్చు, మిర్చి రెండు వాయిలు వేయొచ్చు. లుఖ్మీకి పట్టిన గతీ ఇదే. ఖీమా కూరి చదరంగా మడిచి వేయించే ఆ ముక్క పెళ్లి దస్తర్‌ఖాన్ మీద రాజాలా ఉంటుంది, మర్నాడు దాని కోసం వీధులన్నీ తిరగాలి. లోపల పెరుగు, ఉల్లిపాయ దాచుకున్న షికంపూర్ కబాబ్ కూడా అంతే. మన ఊళ్లో కూరి వేయించినవాటిలో మంచివన్నీ శుభలేఖ చేతికొస్తేనే దొరుకుతాయి. పెళ్లిళ్ల సీజన్ కాకపోతే నోరు కట్టుకోవాలి. మా మహంకాళి గుడి బోనాలకు ఇల్లు చుట్టాలతో నిండినప్పుడు వంటింట్లో పెద్ద కడాయి దించుతారు, పండగ కాగానే మళ్లీ అటకెక్కిస్తారు. సిసిలీ వాళ్లు మనకన్నా గొప్పగా వండరు. ఇంటి తిండిని ఓడెక్కించారు, రైలెక్కించారు, వీధి మలుపులో పెట్టారు, అంతే.

2019 అక్టోబరులో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి సృజనాత్మక నగరంగా ఎంచుకుంది. ఆ బిరుదు ఉప్పుగూడదాకా రావాలంటే తమ రైలెక్కే రావాలి. అందుకు తమ చేతిలో సాధనం కూడా ఉంది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' పథకం కింద స్టేషన్లలో స్థానికుల చేతి సరుకుకు, స్వయం సహాయక సంఘాలకు నామమాత్రపు రుసుముతో స్టాళ్లు ఇస్తున్నారు. ఉప్పుగూడకు తగిన ఉత్పత్తి ఏదని తమ అధికారులు అడిగితే ఈ లేఖ చూపించండి.

స్టాలులో రెండు కడాయిలు, రెండు చిల్లుల గంటెలు, ఒకదాని నూనె ఒకదానిలో పడకూడదు. ఒకవైపు ఖిచిడీ ఖీమా ఉండలు, ఒకవైపు పూర్ణాలు. ప్లాట్‌ఫారం మీద మంట కుదరదని భద్రతావాళ్లు అంటే, కాదనను. గేటు బయట వేయించి, మూత గిన్నెల్లో వేడి చల్లారకుండా లోపలికి తెచ్చుకోవచ్చు. నూనె మాటకొస్తే, మళ్లీ మళ్లీ కాగితే పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జూలై 1 నుంచి ఉంది. దాన్ని కొలిచే మీటర్లు అమ్ముతున్నారు, ఒకటి స్టాలుకు కట్టించండి. బోర్డు తెలుగులో, ఉర్దూలో రాయించండి. ఇంగ్లిష్‌లో కూడా రాయిస్తే, ముందు హెచ్ పెట్టకుండా ఒకసారి చూసుకోండి.

ఇంకొక్క షరతు, అన్నిటికన్నా ముఖ్యమైనది: మొదటి కాటుకే కూర తగలాలి. రెండో కాటుకు తగిలితే అది అన్నం ఉండ, మూడో కాటుకూ తగలకపోతే మోసం. తనిఖీ అధికారులు ఉండను కత్తితో కోసి చూడనక్కర్లేదు, తింటే చాలు.

వెంటనే శాశ్వత స్టాలు ఇవ్వలేకపోతే ఆషాఢంలో బోనాల వారాలకు, రంజాన్ నెలకు ప్రయోగాత్మకంగా ఇప్పించండి. ఆ తర్వాత మూసేస్తామన్నా ఇక్కడి జనం మూయనివ్వరని నా నమ్మకం. ప్రారంభానికి తమరు స్వయంగా రావాలి. ఖిచిడీ తొందరగా అయిపోతుంది గనక పొద్దున్నే ఫలక్‌నుమా వైపు వచ్చే బండి ఎక్కండి. చీజ్ మాత్రం ఎవరినీ పెట్టనివ్వకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉప్పుగూడ స్టేషన్‌లో బండెక్కే ఒక ప్రయాణికుడు