ఫుల్ పెట్టు తమ్ముడూ! పాత కంప్యూటర్లో వైస్ సిటీకి తిరుగులేని చిట్కాలు

మణుగూరు సింగరేణి క్వార్టర్స్‌లో ఎవరో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నారు. వాళ్ల పాత టవర్ ఆటో ఎక్కి పినపాకలో మీ ఇంటికొచ్చింది. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, బోర్డులోనే కలిసున్న ఇంటెల్ 865జి గ్రాఫిక్స్, 15 అంగుళాల డబ్బా మానిటర్. వాటితోపాటు గీతలు పడ్డ రెండు సీడీలు: జీటీఏ వైస్ సిటీ. ఇక ఎవరినీ అడగకు తమ్ముడూ. కింద చెప్పినవి తు.చ. తప్పకుండా చెయ్యి. వేసవి సెలవులు ఎలా గడిచిపోయాయో కూడా తెలియదు.

1. అట్ట మీద రాసింది చదవకు

ఈ ఆట 2003 మేలో కంప్యూటర్లకు వచ్చింది. 800 మెగాహెర్ట్జ్ పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్, హార్డ్‌డిస్క్‌లో 915 ఎంబీ ఖాళీ ఉంటే చాలని అప్పుడే చెప్పారు. అది చదివితే నీ మిషన్ మీద నమ్మకం కుదురుతుంది. నమ్మకం కుదిరితే ఇన్ని తిప్పలు పడే అవకాశం పోతుంది. గ్రాఫిక్స్ కార్డుకు టెక్స్చర్ కంప్రెషన్ చేతకాకపోతే ఇంకో 635 ఎంబీ కావాలన్న చిన్నక్షరాలు కూడా అక్కడే ఉంటాయి. వాటి జోలికి అసలు వెళ్లకు. సి డ్రైవ్ నిండా పెళ్లి వీడియోలు ఉంచుకునే మొదలుపెట్టు. మధ్యలో ఆగిపోతే తప్పు సీడీదే. తీసి, లుంగీ అంచుతో గుండ్రంగా రుద్ది, మళ్లీ పెట్టు. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవాలని చెప్పేవాళ్లకు ఓపిక ఎక్కువ, పని తక్కువ.

2. కళ్లు మూసుకుని నెక్స్ట్ నొక్కు

డైరెక్ట్ఎక్స్ వెయ్యాలా అని అడిగితే వద్దను. గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి ఎత్తకు. విండోస్ తెర మీద బొమ్మలు కనిపిస్తున్నాయి కదా, ఇంకేం కావాలి? తర్వాత ఏదో డీఎల్ఎల్ ఫైలు లేదని ఎర్ర గుర్తు వస్తుంది. ఆ ఫైలు పేరు గూగుల్‌లో కొట్టి, ముందు కనిపించిన సైటు నుంచి దించుకో. యాంటీవైరస్ అరిస్తే యాంటీవైరస్‌నే తీసెయ్యి. నీ ఇంట్లో ఉంటూ నీ మీదే అరవడానికి అదెవరు? ఆ రోజు నుంచి నీ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతాయి. దాన్ని జిరాక్స్ షాపులో ఒక్కసారి పెట్టావంటే ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు దాకా నీ పేరు పాకిపోతుంది.

3. రిజల్యూషన్ అన్నిటికన్నా కిందిది ఎంచుకో

జాబితాలో కిందికి పోయేకొద్దీ అంకెలు పెద్దవవుతాయి. అన్నిటికన్నా కిందున్నదే మనది. 640×480 పెడితే మిషన్ ఒక్కో బొమ్మకు 3,07,200 చుక్కలు గీయాలి. 1024×768 పెడితే 7,86,432. అంటే రెండున్నర రెట్లు పైనే. నీ ఇంటెల్ చిప్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోనే కొంత అడిగి తెచ్చుకుంటుంది. ఆకారాల లెక్కలు కూడా ప్రాసెసర్ మీదికే తోస్తుంది. అయినా చెయ్యనీ. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, సర్దుకుపోతాయి. 800×600లో ఆట బాగా కదులుతుందని పక్కింటి అన్న చెబితే, నీకు చూపు తగ్గిందా అన్నా అని అడుగు.

మానిటర్ రిఫ్రెష్ 60 దగ్గరే వదిలెయ్యి. 75కో 85కో మారిస్తే డబ్బా మానిటర్ మిణుకుమిణుకు తగ్గి తలనొప్పి పోతుంది. తలనొప్పి లేకపోతే గేమ్ ఆడినట్టు ఇంట్లో ఎవరు నమ్ముతారు?

4. డ్రా డిస్టెన్స్ గీత చివరిదాకా జరుపు

ఇంటికొచ్చిన చుట్టానికి సగం విస్తరి వడ్డిస్తామా? గీతను సగంలో ఆపడం కూడా అలాంటి పిసినారితనమే. మన ఊళ్లో మబ్బు లేనిరోజు భద్రాద్రి థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. వైస్ సిటీలో సముద్రం అవతలి హోటళ్లు కనిపించకపోతే ఎలా? దూరం పెంచేకొద్దీ కనిపించే ప్రతి బిల్డింగునూ, కారునూ, తాటిచెట్టునూ మిషన్ ముందే గీసి పెట్టాలి. అందుకే మలుపు తిరిగినప్పుడు కారు గాల్లో ఆగిపోతుంది. దాన్ని లోపం అనుకోకు. పోలీసులు వెంటపడుతున్నప్పుడు కాస్త ఆలోచించుకోవడానికి కంపెనీవాళ్లు ఇచ్చిన టైమనుకో.

5. ట్రెయిల్స్ ఆన్, ఫ్రేమ్ లిమిటర్ ఆఫ్

ట్రెయిల్స్ వేస్తే పోయిన బొమ్మ నీడ కొత్త బొమ్మ మీద పడి అంతా మసకమసకగా సాగుతుంది. ఆగి ఆగి నడిచే ఆటకు ఈ మసక తోడైతే తెర మీద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఓడిపోయిన సంగతి తమ్ముళ్లకు కూడా తెలియకుండా దాచుకోవచ్చు.

ఫ్రేమ్ లిమిటర్ అంటే సెకనుకు 30 బొమ్మల దగ్గర ఆటకు కట్టిన పగ్గం. అన్నీ ఫుల్ పెట్టిన నీ మిషన్ 30 దాకా ఎలాగూ రాదు, కాబట్టి తీసినా ఉంచినా నీకు ఒకటే. ఈ చిట్కాను హైదరాబాద్‌లో చదివే మీ అన్నకు చెప్పు. అతని కొత్త ల్యాప్‌టాప్‌లో పగ్గం తీసేస్తే బొమ్మలు వందల్లో పరిగెడతాయి. ఆటలో బండ్ల నడక లెక్కలు 30ని నమ్ముకుని రాసినవి కనుక కార్లు చిత్రంగా నడుస్తాయి. అప్పుడు అతను కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలని మీ నాన్నను అడుగుతాడు. అడగనీ.

6. మిషన్‌కు గాలి తగలనివ్వకు

మే నెలలో ఈ బొగ్గు గనుల వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. టవర్‌ను కంప్యూటర్ టేబుల్ కింది చెక్క అరలో దూర్చి, వెనక గోడకు ఆనించి, పైన అమ్మ కుట్టిన కవర్ కప్పు. లోపల ఫ్యాన్ మీద దుమ్ము పేరుకుంటే ముట్టుకోకు. ఎర్రమట్టి దారుల దుమ్ము, దానికీ ఊరి మీద ప్రేమ ఉంటుంది. వేడెక్కిన పెంటియం 4 తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నువ్వేమో సెట్టింగులు ఇంకా పెంచు. ఎవరు గెలుస్తారో చూద్దాం.

యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయినా మార్చకు. మణుగూరు, పినపాక మండలాల మధ్యే 270 మెగావాట్ల యూనిట్లు 4, మొత్తం 1080 మెగావాట్ల ప్లాంటు ఉంది. అంత పక్కనున్న కరెంటు మన ఇంట్లో పోతుందా? పోతే ఆ ఇరవై నిమిషాలు మొహం కడుక్కుని రా.

7. అన్నీ ఒకేసారి మార్చు

ఒక్కోటి మార్చి, కాసేపు ఆడి, తేడా చూసి, కాగితం మీద రాసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు అరగంటలో పని అయిపోతుంది, పాపం ఇక చేయడానికేమీ ఉండదు. నువ్వు మార్పులన్నీ ఒక్క ఊపులో చెయ్యి. ఆట తెరుచుకోకపోతే మై డాక్యుమెంట్స్‌లో జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని సెట్టింగుల ఫైలు ఒక్కటి తీసేస్తే ఆట కొత్తగా మొదలవుతుంది. కానీ అది చిన్నవాళ్ల పద్ధతి. మనం సి డ్రైవ్ మొత్తం ఫార్మాట్ కొడదాం. నువ్వు సేవ్ చేసుకున్న ఆట కూడా అదే ఫోల్డర్‌లో ఉందన్న సంగతి విండోస్ మళ్లీ వేశాక గుర్తొస్తుంది. దాంతోపాటు అక్క డిగ్రీ ప్రాజెక్టు కూడా గుర్తొస్తుంది. ఆ రెండోది ముందుగా అక్కకే గుర్తొస్తుంది.

8. రిస్టోర్ డిఫాల్ట్స్ మాత్రం ముట్టుకోకు

డిస్‌ప్లే మెనూ చివర్లో ఆ మాట ఉంటుంది. పొరపాటున నొక్కావంటే పెట్టినవన్నీ మొదటికొస్తాయి. రిజల్యూషన్ కూడా తగ్గించావంటే ఆట నడిచేస్తుంది. నడిస్తే ఆడాలి. ఆడితే ఎప్పుడో ఒకప్పుడు బొమ్మ హెలికాప్టర్ మిషన్ వస్తుంది. కడుతున్న బిల్డింగ్‌లోకి దాన్ని పోనిచ్చి, టైమ్ అయ్యేలోపు నాలుగు బాంబులు పెట్టాలి. ప్రపంచంలో ఎంతోమంది పిల్లలు కీబోర్డు బాదుకున్నది అక్కడే. అప్పుడు గ్రాఫిక్స్ కార్డునో, కరెంటునో, ఎండనో అనడానికి ఉండదు. ఓడింది నువ్వేనని పక్కన కూర్చున్న తమ్ముడు గట్టిగా చెబుతాడు. సెట్టింగుల్లో ఉన్నంతకాలం నిన్ను ఓడించినవాడు లేడు తమ్ముడూ. అక్కడే ఉండు.